పంపింగ్ పెరిగినా మెట్లు ఎక్కలేకపోతున్నారా?

గుండె పంపింగ్ తగ్గినవాళ్లు, వాళ్లను కనిపెట్టుకుని ఉండేవాళ్లు పంపిన ప్రశ్నలకు ఈ నెల జవాబులు. కార్డియాలజిస్టు, ఫిజియోథెరపిస్టు, డైటీషియన్ కలిసి రాసినవి.

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. రెండేళ్ల కిందట గుండెపోటు వచ్చినప్పుడు ఈఎఫ్ 28 ఉండేది. మందులతో ఇప్పుడు 42కు వచ్చింది. కాళ్ల వాపు లేదు, పడుకుంటే ఆయాసం లేదు. కానీ మేడ మీదికి వెళ్లాలంటే మధ్యలో రెండుసార్లు ఆగుతారు. పంపింగ్ పెరిగినా ఓపిక ఎందుకు రాలేదు? మందుల డోసు పెంచమని అడగాలా?
పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు ఆ అంకె సంగతి చూద్దాం. గుండె ఎడమ గదిలో నిండిన రక్తంలో ఒక్కో స్పందనకు ఎంత శాతం బయటికి పోతుందో అదే ఈఎఫ్. మనిషిని పడుకోబెట్టి, కదలకుండా ఉన్నప్పుడు తీసే లెక్క అది. మెట్లెక్కేటప్పుడు ఏం జరుగుతుందో దానికి తెలియదు. విశ్రాంతిలో తీసిన ఈఎఫ్‌కూ, మనిషి ఎంత శ్రమ చేయగలడన్న దానికీ పొంతన కుదరడం లేదని 1981లోనే అమెరికా పరిశోధకులు చూపించారు.

మరి ఆ ఆయాసం ఎక్కడిది? చాలావరకు కాళ్ల కండల్లోది. గుండె బలహీనపడి నెలల తరబడి కదలిక తగ్గిపోతే కండ సన్నబడుతుంది. అంతకంటే ముఖ్యంగా దాని స్వభావమే మారిపోతుంది. నిదానంగా, అలసట లేకుండా పనిచేసే పోగులు తగ్గి, త్వరగా అలసిపోయే పోగుల వాటా పెరుగుతుంది. కండ కణాల్లో ఆక్సిజన్‌తో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా తగ్గుతాయి, పోగుల చుట్టూ ఉండే సన్నని రక్తనాళాలూ పలచబడతాయి. రక్తం అందినా అందులోని ఆక్సిజన్‌ను కండ పూర్తిగా తీసుకోలేదు. అలా ఇబ్బందిపడే కండ నరాల ద్వారా మెదడుకు పదేపదే కబురు పంపుతుంది. దాంతో శ్వాస వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, అప్పటికే అలసిన గుండె మీద భారం ఇంకా పెరుగుతుంది. లండన్‌లో పనిచేసిన ఆండ్రూ కోట్స్, ఆయన సహచరులు 1994లో ఈ వలయాన్నంతా ఒకచోట పేర్చి చూపారు. గుండె వైఫల్యంలో (హార్ట్ ఫెయిల్యూర్, అంటే ఒంటికి కావలసినంత రక్తాన్ని గుండె అందించలేకపోవడంలో) కండ కూడా జబ్బుపడిన అవయవమేనన్న ఆలోచనకు అది బలమైన పునాది.

ఈ వలయాన్ని తెంచవచ్చనడానికి గట్టి ఆధారం బ్రెజిల్ నుంచి వచ్చింది. సావో పాలో పరిశోధకులు కాలి నరంలో సన్నని సూది ఎలక్ట్రోడ్ పెట్టి, రక్తనాళాలను బిగించే నరాల సంకేతాలను నేరుగా లెక్కపెట్టారు. గుండె వైఫల్యం ఉన్నవారిలో అవి ఎక్కువగా ఉన్నాయి. నాలుగు నెలల పాటు, వారానికి మూడు రోజులు వ్యాయామం చేయించాక ఆరోగ్యవంతుల స్థాయికి దిగాయి. 2003లో వెలువడిన ఫలితం ఇది. గుండెను తాకకుండా కాళ్లకు పని చెప్పి సాధించిన మార్పు.

డోసు గురించి మీ కార్డియాలజిస్టును తప్పకుండా అడగండి. అయితే అంతకుముందు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వను చెప్పేది), థైరాయిడ్ పరీక్షలు చూపించండి. ఈసీజీలో లయ సరిగ్గా ఉందో లేదో, బీటా బ్లాకర్ మాత్ర వల్ల నాడి మరీ నెమ్మదించిందేమో చూడమనండి. ఇవన్నీ సవ్యంగా ఉంటే నాన్నగారికి కావలసింది కాళ్ల కండకు శిక్షణ. ఎలాగో కింది జవాబులో ఉంది.

ప్రశ్న: మా ఆయనకు ఈఎఫ్ 30. వయసు 58. నడవమని డాక్టరు గారు చెప్పారు. మా అత్తగారేమో "గుండె జబ్బు మనిషిని నడిపిస్తావా" అని లేవనివ్వరు. ఎవరి మాట వినాలి? నడిపిస్తే ఎంత నడిపించాలి?
పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అత్తగారి భయం ఊరికే పుట్టింది కాదు. వెనకటి రోజుల్లో డాక్టర్లే ఇలాంటివారికి నెలల తరబడి మంచం పట్టి ఉండమని చెప్పేవారు. ఆ సలహా ఎంత నష్టం చేస్తుందో 1966లో అమెరికాలోని డల్లాస్‌లో జరిగిన ప్రయోగం బయటపెట్టింది. 20 ఏళ్ల వయసున్న ఐదుగురు ఆరోగ్యవంతులను మూడు వారాలు మంచం మీదే ఉంచారు. శ్రమ చేసే సామర్థ్యం వాళ్లలో పావు వంతుకు పైగా పడిపోయింది. 30 ఏళ్ల తర్వాత అదే మనుషులను మళ్లీ పరీక్షిస్తే, ఆ మూడు వారాల మంచం చేసిన నష్టం 30 ఏళ్ల వయసు చేసిన నష్టం కంటే ఎక్కువని తేలింది. ఈ సంగతి ఆవిడకు చెప్పి చూడండి.

భద్రత గురించి అతి పెద్ద అధ్యయనం 2009లో వచ్చిన హెచ్‌ఎఫ్-యాక్షన్. ఈఎఫ్ 35 లేదా అంతకంటే తక్కువ ఉన్న 2,331 మందిని తీసుకుని, సగం మందికి ముందు ఆస్పత్రి పర్యవేక్షణలో 36 సార్లు, తర్వాత ఇంట్లో వ్యాయామం చేయించారు. వ్యాయామం వల్ల ప్రమాదాలు పెరగలేదు. రోజువారీ జీవితం మెరుగుపడింది. మరణాలు, ఆస్పత్రి చేరికలు కలిపి చూస్తే తగ్గుదల స్వల్పమే. అది కూడా రోగుల తీవ్రతలో తేడాలను లెక్కలోకి తీసుకున్నాకే స్పష్టమైంది. చాలామంది ఇంటికెళ్లాక చెప్పినంత చేయలేదు, ఫలితం పలచబడడానికి అదొక ముఖ్య కారణం. అందుకే మొదటి నెల ఉత్సాహం కంటే ఆరో నెలలో కూడా మానకుండా ఉండడం మాకు ముఖ్యం.

మొదలుపెట్టే ముందు కొన్ని సంగతులు ఖాయం కావాలి. గత రెండు మూడు వారాల్లో బరువు నిలకడగా ఉండాలి, కొత్తగా వాపు రాకూడదు, రాత్రి దిండ్లు పెంచుకోవలసిన అవసరం పడకూడదు. కూర్చున్నప్పుడు ఛాతీలో నొప్పి, అదుపు తప్పిన గుండె దడ, జ్వరం ఉంటే మొదలుపెట్టకూడదు. బృహద్ధమని కవాటం బాగా ఇరుకైనవారు, గుండె కండరానికి వాపు వచ్చి ఇంకా తగ్గనివారు కూడా ఆగాలి. మీ డాక్టరు గారే నడవమన్నారు కాబట్టి వీటిని ఆయన చూసే ఉంటారు, అయినా ఒకసారి అడిగి నిర్ధారించుకోండి.

మొదటి వారం చదునైన నేల మీద ఐదు నుంచి పది నిమిషాలు, రోజుకు రెండుసార్లు చాలు. ప్రతి వారం ఒక్కో నడకకు రెండు మూడు నిమిషాలు కలపండి. వేగం పెంచకండి, ముందు సమయం పెంచండి. రెండు నెలలకు 30 నిమిషాల నడక, వారానికి ఐదు రోజులు అన్న స్థాయికి చాలామంది వస్తారు. నాడి లెక్కపెట్టి నడవడం వీరికి పనికిరాదు, ఎందుకంటే బీటా బ్లాకర్లు నాడిని పట్టి ఉంచుతాయి. నడుస్తూ పూర్తి వాక్యం మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన కొలత. రెండు మాటలకే ఊపిరి తెగుతుంటే వేగం తగ్గించాలి.

మొదటి ఐదు నిమిషాలు మెల్లగా, చివరి ఐదు నిమిషాలు ఇంకా మెల్లగా నడవాలి. చివరి ఐదు నిమిషాలను చాలామంది వదిలేస్తారు, ఇబ్బంది అక్కడే వస్తుంది. నడకలో కాళ్ల రక్తనాళాలు వెడల్పవుతాయి. దానికి తోడు వాడే మందులన్నీ బీపీని తగ్గించేవే. ఉన్నట్టుండి ఆగి నిలబడితే రక్తం కాళ్లలో నిలిచి కళ్లు తిరుగుతాయి. నీరు పోయే మాత్ర వేసుకున్న వెంటనే బయటికి వెళితే దారిలో మూత్రం ఆపుకోలేక నడకే మానేస్తారు, కాబట్టి మాత్రకు ముందో, రెండు మూడు గంటల తర్వాతో నడవాలి. భోజనం అయ్యాక గంటన్నర ఆగాలి. వేసవిలో ఉదయం ఏడు లోపే ముగించాలి. అప్పుడూ ఉక్కగా ఉంటే వరండాలోనే అటూ ఇటూ నడిపించండి.

ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, దడ వస్తే అక్కడికక్కడే ఆపి కూర్చోబెట్టాలి. కూర్చున్నా తగ్గకపోతే అంబులెన్స్ పిలవాలి. నీరసం మర్నాటికి కూడా వదలకపోతే చేసింది ఎక్కువైనట్టు, వెనకటి వారం సమయానికి దిగండి. రోజూ ఉదయం మూత్రవిసర్జన అయ్యాక, ఏమీ తినకముందు బరువు చూసి క్యాలెండర్ మీద రాయండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది నీరు. నడక ఆపి అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయాలి.

ప్రశ్న: అమ్మ గుంటూరులో ఉంటుంది, 78 ఏళ్లు. గుండె వైఫల్యంతో పది రోజులు ఆస్పత్రిలో ఉండి ఇంటికి వచ్చింది. నేను డల్లాస్‌లో ఉంటాను. ఇక్కడ పెద్దవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ 36 రిహాబ్ (పర్యవేక్షణలో వ్యాయామ శిక్షణ) సెషన్లు ఇస్తుందని విన్నాను. అక్కడ అలాంటిదేమీ దొరకలేదు. వీడియో కాల్‌లో నేనేం చేయించగలను? ఈ వయసులో కండ పెరుగుతుందా?
పాఠకుడు, అమెరికా

జవాబు: పెరుగుతుంది. జర్మనీలోని లైప్‌జిగ్‌లో 60 మంది రోగులకు, 60 మంది ఆరోగ్యవంతులకు పరీక్ష చేశారు. గుండె వైఫల్యంలో కండ ప్రొటీన్లను ముక్కలు చేయడానికి గుర్తుపెట్టే మర్ఫ్-1 అనే పదార్థం ఎక్కువవుతుంది. నాలుగు వారాల వ్యాయామంతో అది తగ్గింది. 55 లోపువారిలోనూ, 65 దాటినవారిలోనూ తగ్గింది.

మెడికేర్ విషయంలో చిన్న సవరణ: 2014 నుంచి గుండె వైఫల్యానికి కూడా వర్తిస్తోంది గానీ, ఈఎఫ్ 35 లేదా అంతకంటే తక్కువ ఉండి, మందులతో కనీసం ఆరు వారాలు నిలకడగా ఉన్నవారికే. ఆస్పత్రి నుంచి అప్పుడే వచ్చిన మీ అమ్మగారి లాంటివారు అక్కడా వెంటనే అర్హులు కారు.

అలాంటివారి కోసమే చేసిన అధ్యయనం 2021లో వచ్చిన రిహాబ్-హెచ్‌ఎఫ్. 60 దాటి, గుండె వైఫల్యంతో ఆస్పత్రిలో చేరిన 349 మంది. వారిలో సగం మందితో, దూరం నడిపించడం కంటే ముందు నిలకడ, బలం, కదలిక, ఓపిక అనే నాలుగింటిని సాధన చేయించారు. మూడు నెలలకు 12 మార్కుల శారీరక సామర్థ్య పరీక్షలో వీరికి 8.3, మిగతావారికి 6.9 వచ్చాయి. మళ్లీ ఆస్పత్రిలో చేరడం మాత్రం ఆరు నెలల్లో చెప్పుకోదగ్గంత తగ్గలేదు. కాబట్టి ఆశించాల్సింది ఏమిటంటే, ఎవరి సాయం లేకుండా బాత్‌రూమ్‌కు వెళ్లి రావడం, కింద పడకుండా ఉండడం. 78 ఏళ్ల మనిషికి అది చాలా పెద్ద లాభం.

వీడియో కాల్‌లో మొదట కొలవండి. చేతులు లేని గట్టి కుర్చీ, 43 నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తు, వెనుక గోడకు ఆనించి ఉండాలి. పక్కన ఒక మనిషి తప్పనిసరి. చేతులు ఛాతీ మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోమనండి. 12 సెకన్లు లేదా అంతకంటే ఎక్కువ పడితే కాళ్ల బలం తగ్గినట్టే. ఆసియా దేశాలవారి కోసం 2019లో నిపుణులు పెట్టిన హద్దు ఇది. చేతులు పట్టుకోకుండా ఒక్కసారి కూడా లేవలేకపోతే పరీక్ష ఆపేసి, మొదలు ఎక్కడో తెలిసిందనుకోండి.

అలా లేవలేనివారికి కుర్చీ మీద దళసరి దిండు వేసి ఎత్తు పెంచాలి. మోకాళ్ల కంటే తుంటి ఎత్తుగా ఉంటే లేవడం తేలిక. పాదాలు వెనక్కి లాగి, ముక్కు మోకాళ్ల మీదికి వచ్చేలా ముందుకు వంగి లేవాలి. లేచేటప్పుడు గాలి వదలాలి. కూర్చునేటప్పుడు దబ్బున పడకుండా మూడు లెక్కపెడుతూ దిగాలి. కండకు పని ఎక్కువగా తగిలేది ఆ దిగడంలోనే. మొదట ఐదుసార్లు, రెండు నిమిషాల విరామం, మళ్లీ ఐదు. రోజు విడిచి రోజు. పదిసార్లు తేలికైతే దిండు తీసేయాలి. దీనికి తోడు వంటింటి గట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడం పదిసార్లు, ఒక పాదం ముందు ఒకటి పెట్టి పది సెకన్లు నిలబడడం. ఇంటి లోపల రెండు మూడు నిమిషాల నడకలు రోజుకు నాలుగైదు. చెప్పులు జారకూడదు, నేల తడిగా ఉండకూడదు, లేచిన వెంటనే అడుగు వేయకుండా కాసేపు నిలబడాలి. వీలైతే మొదటి రెండు వారాలు ఫిజియోథెరపిస్టును ఇంటికి పిలిపించండి.

ప్రశ్న: ఏడాదిగా నా బరువు 60 కిలోల దగ్గరే ఉంది. అయినా తొడలు సన్నబడ్డాయి, పంచె వదులవుతోంది. ఏం తినాలి? ప్రొటీన్ పొడి వాడవచ్చా?
పాఠకుడు, విజయనగరం

జవాబు: కండ పోయిన చోట నీరో కొవ్వో చేరితే తూకంలో తేడా తెలియదు, అందుకే బరువును నమ్మకూడదు. పిక్క బాగా లావుగా ఉన్నచోట టేపు పెట్టి చూడండి. మగవారికి 34 సెంటీమీటర్ల లోపు, ఆడవారికి 33 లోపు ఉంటే కండ తగ్గిందని అనుమానించాలి. కాళ్ల వాపు ఉన్న రోజున ఈ కొలత పనికిరాదు.

గుండె వైఫల్యంలో కిలో శరీర బరువుకు రోజుకు కనీసం 1.1 గ్రాముల ప్రొటీన్ కావాలి. మీకు 66 గ్రాములు. రోజుకు 200 గ్రాముల బియ్యం తింటే అందులో సుమారు 15, పచ్చి లెక్కన 60 గ్రాముల కందిపప్పులో 13, రెండు గుడ్లలో 12, పాలు పెరుగు కలిపి 400 మిల్లీలీటర్లలో 13. మొత్తం 53. వంద గ్రాముల చేప కలిపితే 70 దాటుతుంది. మాంసాహారం తినకపోతే సెనగలు, సోయా, పనీర్‌తో పూడ్చుకోవాలి. మన భోజనంలో లోపమేమిటంటే పప్పూ పెరుగూ మధ్యాహ్నానికే పోగుపడతాయి, పొద్దున ఇడ్లీ చట్నీతో సరిపెడతాం. గుడ్లు పొద్దున తినండి. మూడు పూటలా పంచితే కండ బాగా వాడుకుంటుంది.

ఎండుచేపల్లో ప్రొటీన్ దండిగా ఉన్నా ఉప్పు అంతకంటే దండిగా ఉంటుంది. ఆవకాయ, అప్పడాలు, వడియాలు కూడా అంతే. సోడియం తక్కువని అమ్మే ఉప్పును అడగకుండా వాడకండి. అందులో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. స్పైరనోలాక్టోన్, రామిప్రిల్, సాక్యుబిట్రిల్-వాల్సార్టన్ వంటి మందులు వాడేవారి రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరగవచ్చు. ద్రవాలకు హద్దు పెట్టి ఉంటే పాలు, మజ్జిగ, చారు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. పొడి మాటకొస్తే, మామూలు తిండితో 66 రాకపోతేనే. ముందు క్రియాటినిన్ చూపించుకోండి, కిడ్నీ దెబ్బతిని ఉంటే ఈ లెక్కలన్నీ మారతాయి. శిక్షణ లేకుండా ఎంత ప్రొటీన్ తిన్నా పోయిన కండ తిరిగి రాదు, కాబట్టి పై జవాబులోని కుర్చీ సాధన మీరూ చేయండి.

ప్రశ్న: నాకు 64 ఏళ్లు, 92 కిలోలు, షుగర్, బీపీ ఉన్నాయి. ఎకోలో ఈఎఫ్ 62 వచ్చింది, గుండె గోడలు గట్టిపడ్డాయన్నారు. పంపింగ్ బాగుంటే హార్ట్ ఫెయిల్యూర్ ఎలా అవుతుంది?
పాఠకురాలు, వరంగల్

జవాబు: గుండె సాగకపోతే రక్తం నిండదు. నిండకపోతే ఎంత బాగా పిండినా ఒళ్లంతటికీ చాలదు, వెనుక ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరుగుతుంది. ఈ రకం మీలాంటి వయసు, బరువు, జబ్బులున్న ఆడవారిలో ఎక్కువ.

60 దాటి స్థూలకాయం, ఈ జబ్బు రెండూ ఉన్న 100 మంది మీద 2016లో వచ్చిన అధ్యయనం మీకు సరిగ్గా వర్తిస్తుంది. 20 వారాల పాటు కొందరికి నడక, కొందరికి తిండి తగ్గింపు, కొందరికి రెండూ. శ్రమలో ఆక్సిజన్ వాడుక నడకతో 1.2, తిండి తగ్గింపుతో 1.3, రెండూ కలిపితే 2.5 పెరిగింది, కిలోకు నిమిషానికి మిల్లీలీటర్లలో. అంటే ఒకదాని లాభానికి మరొకటి కలిసింది. జబ్బు ముదిరాక ఏడాది వ్యాయామంతో కూడా గుండె బిరుసుదనం తగ్గదు. లాభమంతా ఎక్కువగా కండలదే. గుండె ఇంకా సాగగల మధ్యవయసులోనే మొదలుపెట్టినవారిలో బిరుసు తగ్గింది. కాబట్టి ఈ మాట మీ పిల్లలకు కూడా చెప్పండి.

బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి అడిగేవారికి: సెమాగ్లుటైడ్‌తో ఇలాంటి 529 మందిలో నడక దూరం, లక్షణాలు రెండూ మెరుగుపడ్డాయి. కానీ ఏ దారిలో బరువు తగ్గినా కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. బరువు తగ్గించే నెలల్లో కుర్చీ సాధన, ప్రొటీన్ మానకూడదు. షుగర్‌కు ఇన్సులిన్ తీసుకుంటుంటే నడకకు ముందు గ్లూకోమీటర్‌లో చూసుకోండి, జేబులో చక్కెర బిళ్లలుంచుకోండి.

ప్రశ్న: వయసు 44, ఈఎఫ్ 35. డంబెల్స్ ఎత్తవచ్చా? వేగంగా, ఆగి ఆగి చేసే హెచ్‌ఐఐటీ మంచిదంటున్నారు, నిజమేనా?
పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మూడు నాలుగు వారాలు నడక కుదిరాక డంబెల్స్ మొదలుపెట్టండి. 10 నుంచి 15 సార్లు తేలిగ్గా ఎత్తగల బరువు, వారానికి రెండు మూడు రోజులు. ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు. బిగబడితే ఛాతీలో ఒత్తిడి పెరిగి బీపీ ఎగసిపడుతుంది, ఆ భారాన్ని మోసేది మీ గుండే. ఒక్కసారి మాత్రమే ఎత్తగలిగే బరువుల జోలికి వెళ్లవద్దు.

హెచ్‌ఐఐటీ గొప్పతనం మీద మొదట్లో చాలా ఆశ ఉండేది. 2017లో ఐరోపాలో 261 మందితో చేసిన స్మార్టెక్స్ అధ్యయనంలో మామూలు వేగం వ్యాయామం కంటే అది మెరుగని తేలలేదు. వేగంగా చేయమన్నవారిలో సగం మంది చెప్పినంత వేగం అందుకోలేకపోయారు, మెల్లగా చేయమన్నవారిలో ఎక్కువమంది హద్దు దాటారు. మీకు మామూలు వేగమే సరిపోతుంది.

ప్రశ్న: హిమోగ్లోబిన్ 12.5 ఉంది, బాగానే ఉందన్నారు. అయినా నీరసం. ఐరన్ మాత్రలు వేసుకోనా?
పాఠకురాలు, చీరాల

జవాబు: హిమోగ్లోబిన్ బాగున్నా కండలో ఐరన్ తక్కువ కావచ్చు. ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ (రక్తంలో ఐరన్‌ను మోసే ప్రొటీన్ ఎంత శాతం నిండిందో చెప్పేది) రెండూ చేయించండి. ఫెరిటిన్ 100 లోపు, లేదా 100 నుంచి 299 మధ్య ఉండి సాచురేషన్ 20 శాతం లోపు ఉంటే గుండె వైఫల్యంలో ఐరన్ లోపం కింద లెక్క. ఈఎఫ్ తగ్గినవారికి 16 వారాలు ఇచ్చిన ఐరన్ మాత్రలు వ్యాయామ సామర్థ్యాన్ని పెంచలేదు. ఇలాంటివారిలో నోటి ద్వారా ఇచ్చిన ఐరన్ సరిగ్గా ఒంటబట్టదు. సెలైన్‌లా నరంలోకి ఎక్కించే ఐరన్‌తో లక్షణాలు, నడక మెరుగుపడ్డాయి. మీ డాక్టరుతో దాని గురించే మాట్లాడండి.

ప్రశ్న: నడకకు బదులు ప్రాణాయామం చేస్తే చాలదా?
పాఠకుడు, నెల్లూరు

జవాబు: బదులుగా చాలదు, తోడుగా మంచిది. మన దేశంలో 24 ఆస్పత్రుల్లో, గుండెపోటు వచ్చిన 3,959 మందితో చేసిన యోగా-కేర్ అధ్యయనంలో జీవన నాణ్యత కొంత మెరుగుపడింది, పాత పనుల్లోకి తిరిగి వెళ్లడం పెరిగింది. మరణాలు, మళ్లీ వచ్చే గుండె సమస్యలు తగ్గాయని మాత్రం తేలలేదు. పైగా అది గుండెపోటు రోగుల మీద చేసింది, గుండె వైఫల్యం మీద కాదు. ఊపిరి బిగబట్టే కుంభకం, తలకిందుల ఆసనాలు మీరు చేయవద్దు.

ప్రశ్న: నాకు మూడు వారాల కిందట ఐసీడీ (గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే పరికరం) పెట్టారు. నడిస్తే షాక్ కొడుతుందేమోనని భయం.
పాఠకుడు, కర్నూలు

జవాబు: ఐసీడీ ఎంత వేగానికి స్పందించేలా పెట్టారో మీ డివైస్ క్లినిక్‌లో అడిగి కార్డు మీద రాయించుకోండి. వ్యాయామంలో నాడి ఆ అంకెకు కనీసం 10 నుంచి 20 తక్కువ ఉండాలి. ఉదాహరణకు 170 దగ్గర పెట్టి ఉంటే మీ హద్దు 150. బీటా బ్లాకర్ వాడుతూ మాట్లాడగలిగే వేగంతో నడిచేవారి నాడి మామూలుగా దాని దరిదాపులకు కూడా వెళ్లదు. పరికరం పెట్టిన వైపు మోచేతిని ఆరు వారాల వరకు భుజం కంటే పైకి ఎత్తకండి, ఆ చేత్తో బరువులు మోయకండి, తీగలు కదిలిపోవచ్చు. అలాగని చేతిని పూర్తిగా కదపకుండా ఉంచినా భుజం పట్టేస్తుంది, భుజం ఎత్తు లోపల రోజూ ఆడించండి. గాయం మానిందని డాక్టరు చూసి చెప్పాక నడక ఈరోజే మొదలుపెట్టవచ్చు. ఒక్క షాక్ వచ్చి మామూలుగా ఉంటే ఆపి క్లినిక్‌కు ఫోన్ చేయండి, వెంటవెంటనే రెండు వచ్చినా, స్పృహ తప్పినా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.